కొనేవాడు లేని తూటా

డ్వైట్ పామర్ తన పికప్ తలుపు తెరవబోతూ చనిపోయాడు. గురువారం మిట్టమధ్యాహ్నం, మనుషులు తిరిగే పార్కింగ్‌లో, ఒకే ఒక్క తూటా. వయోమింగ్ గాలి హోరులో ఆ చప్పుడు ఎవరి చెవినా పడలేదు. అతను కూలిన చోటికి ముప్ఫై అడుగుల దూరంలో, గడ్డకట్టిన బురద మీద, షెరిఫ్ మనుషులకు పేలిన తూటా వదిలిన ఖాళీ ఇత్తడి తొడుగు ఒకటి దొరికింది.

అది ఫార్టీ క్యాలిబర్ సైజు తూటాది. ఆ సంగతిని షెరిఫ్ ఆఫీసు గుట్టుగా ఉంచింది. ఏజెంట్ నోలన్‌కు మర్నాడు మధ్యాహ్నం దాకా తెలియలేదు. తెలిసేసరికి అతని చుట్టూ తలుపులన్నీ మూసుకుపోయాయి.

శుక్రవారం ఉదయం లారీలు ఆగే కేఫ్‌లో బెట్టినా అతని ఎదురుగా కూర్చుని, చిల్లీ అనే కారం మాంసం పులుసులో దాల్చిన చెక్క రొట్టె ముంచుకుని తింటోంది. దేశంలోకి చొరబడే గూఢచారుల్ని పట్టే శాఖలో ఆమె నోలన్‌కు పై అధికారి. తిండి, పని రెండూ ఆమె ఒకే వేగంతో కానిస్తుంది.

"డ్వైట్ క్షిపణి స్థావరంలో టెక్నీషియన్. ఏడాదిగా అక్కడి కాపలా కోడ్‌లు అమ్ముతున్నాడు. సోమవారం భయం పట్టుకుని నాకు ఫోన్ చేశాడు. గురువారం కలుద్దామన్నాడు. కలిసేలోపే లేపేశారు."

"ఎవరికి అమ్మాడు?"

"సముద్రం అవతలివాళ్ళకి. మనూళ్ళో వాళ్ళ మనుషులు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. చివరి విడత కోడ్‌లు ఇంకా వాళ్ళ చేతికి చేరలేదు. ఒక తూటాలో మందు తీసేసి మెమరీ కార్డు పెట్టి, నువ్వు పనిచేసే తుపాకుల కొట్లోనే ఒక పెట్టెలో దాచాడట. ఏ పెట్టో చెప్పలేదు."

"ఫార్టీ పెట్టె," అన్నాడు నోలన్.

"అంత గట్టిగా ఎలా చెబుతున్నావు?"

"నైన్ ఎమ్ఎమ్ తూటాల పెట్టె పొద్దున అరలో పెడితే సాయంత్రానికి ఉండదు మేడం. ఫార్టీ పెట్టె మీద దుమ్ము కూడా ఎవరూ తుడవరు. వస్తువు దాచాలంటే అంతకన్నా భద్రమైన చోటు ఈ కౌంటీలో లేదు."

అది నిజం. ఒకప్పుడు పోలీసులందరి నడుముకీ ఫార్టీ పిస్టలే ఉండేది. అదే తూటా పేల్చే చిన్న రైఫిల్, కార్బైన్ అంటారు, రైతులూ వేటగాళ్ళూ ఎగబడి కొనుక్కున్నారు. తర్వాత పోలీసులు మళ్ళీ నైన్‌కు మారారు. నైన్ చవక, భుజానికి దెబ్బ తక్కువ. కార్బైన్లవాళ్ళు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. ఎల్మర్ హాగ్‌స్ట్రమ్ కొట్లో సెకండ్ హ్యాండ్ వరస నిండా ఇప్పుడు ఫార్టీ కార్బైన్లే, అడిగే దిక్కులేక వేలాడుతున్నాయి. రెండు నెలలుగా ఆ కొట్లో తుపాకుల మరమ్మతు మనిషిగా నటిస్తున్న నోలన్ మాత్రం తన పాత ఫార్టీ కార్బైన్‌ని వదల్లేదు. ఉద్యోగంలో చేరిన రోజున చేతికిచ్చింది అదే. మొండితనం అనుకోండి, మమకారం అనుకోండి.

బెట్టినా సంచిలోంచి చెవులకు పెట్టుకునే మఫ్స్ తీసింది. తుపాకీ మోత వినపడకుండా షూటర్లు పెట్టుకునేవి. "ఇందులో రేడియో ఉంది. ఈ చక్రం తిప్పితే చిన్న చప్పుడు కూడా పదింతలై వినపడుతుంది. ఇంకో మాట. ఆ ముఠాలో మనకో మనిషి ఉన్నారు. పేరు చెప్పను. నీ దగ్గరికొచ్చి 'ఫార్టీ ఇంకా దొరుకుతోందా' అంటారు. నువ్వు 'దొరుకుతోంది, కొనేవాడే దొరకడం లేదు' అనాలి."

నోలన్ ఆమెవంక జాలిగా చూశాడు. "మేడం, మా కొట్లో ఈ మాట రోజుకు నాలుగుసార్లు వినపడుతుంది. నన్ను ఏడిపించడానికి."

"మార్చడానికి టైమ్ లేదు," అంది బెట్టినా, గిన్నె ఊడ్చేస్తూ.

నోలన్ కొట్టు చేరేసరికి మంచు అడ్డంగా కురుస్తోంది. మంచు తుఫానుకు పన్నెండింటికి హైవే గేట్లు మూసేశారని రేడియోలో చెప్పారు. ఇలాంటి రోజున కొట్టుకు ఎవరూ రారు. కానీ వాకిట్లో రెండు బళ్ళున్నాయి.

ఒకటి గ్యారెట్ పైక్‌ది. ఆ జిల్లాలో కార్బైన్ పోటీలన్నీ గెలిచేవాడు, నైన్ తప్ప ముట్టనివాడు. రెండోది వివియన్ ఆష్‌బీది. తూటాల డిస్ట్రిబ్యూటర్ తరఫున సేల్స్ చూసే మనిషి. ఎర్రటి ఉన్ని కోటు, చెవులకు ముత్యాలు. ఆమె వచ్చిన రోజున ఎల్మర్ గడ్డం గీసుకుంటాడు.

"ఏం గురూ," అన్నాడు పైక్, కౌంటర్ మీద మోచేతులు ఆనించి. "ఫార్టీ ఇంకా దొరుకుతోందా?"

నోలన్ ఒక్క క్షణం ఆగాడు. వాడి మొహంలో ఎగతాళి తప్ప ఇంకేం కనపడలేదు. "దొరుకుతోంది. కొనేవాడే దొరకడం లేదు."

"ఇక దొరకదు కూడానోయ్," అన్నాడు ఎల్మర్. డెబ్బై రెండేళ్ళ మనిషి, మాట మెత్తన. "ఏమీ అనుకోకు నోలన్. అరలో చోటు లేదు. వివియన్ ఆ పెట్టెలన్నీ వాపసు పట్టుకుపోతానంది. మొదట్నుంచీ పాపం తనే కదా అమ్ముడుపోనివి తీసుకెళ్ళేది."

కింది అర ఖాళీగా ఉంది. పదకొండు ఫార్టీ పెట్టెలూ వివియన్ కాళ్ళ దగ్గర అట్టపెట్టెలో ఉన్నాయి. మంచు తుఫానులో, హైవే మూసేసిన రోజున, కొనేవాడు లేని సరుకు కోసం తొంభై మైళ్ళు వచ్చిన మనిషిని నోలన్ చూశాడు. ఆమె తియ్యగా నవ్వింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఎల్మర్ తీశాడు. వింటూ వింటూ గోడవైపు తిరిగాడు. "ఆఁ... ఇక్కడే ఉన్నాడు... సరే ఓర్టిజ్. మంచు తోసే బండి ఎప్పటికొస్తుంది?... సరే." ఫోన్ పెట్టి చాలాసేపు దానిమీదే చెయ్యి ఉంచాడు.

"డెప్యూటీ ఓర్టిజ్," అన్నాడు చివరికి. "డ్వైట్ శవం దగ్గర ఫార్టీ తొడుగు దొరికిందట. మనూళ్ళో ఎవరు కాలుస్తారు అని అడుగుతున్నాడు."

కిటికీ అద్దాలు గాలికి వణుకుతున్నాయి.

"ఎవరేంటి పెద్దాయనా," అన్నాడు పైక్ మెల్లగా. "ఇంకెవరున్నారు?" వాడి చేతిలో కార్బైన్ ఎప్పుడు లేచిందో తెలియదు, నోలన్ ఛాతీకి గురిపెట్టి ఉంది. "ఓర్టిజ్ వచ్చేదాకా వెనక రేంజ్‌లో పెట్టి గొళ్ళెం వేద్దాం. మీరే వెయ్యండి, మీ కొట్టు."

నోలన్ నోరు విప్పితే తను ఏజెంటునని చెప్పాలి. చెబితే పెట్టె పోతుంది, ప్రాణమూ పోతుంది. చెప్పకపోతే హంతకుడు. అడకత్తెరలో పోకచెక్కలా ఎటు కదిలినా తెగేది తనే.

"నేను చంపలేదు ఎల్మర్ గారూ."

"ఆ మాట ఓర్టిజ్‌కు చెప్పుకో బాబూ," అన్నాడు ఎల్మర్, అతని కళ్ళలోకి చూడకుండా. నోలన్ కార్బైన్ తీసి కౌంటర్ కింద పెట్టాడు. నోలన్‌ను రేంజ్‌లోకి పంపి తలుపు వేశాడు, గొళ్ళెం గట్టిగా పడింది.

కొట్టు వెనక రేంజ్ అంటే తుపాకీ కాల్చడం సాధన చేసే నాలుగు వరసల పొడుగాటి గది. కాంక్రీటు గోడలు, కిటికీ లేదు. ఒక కొసన ఈ ఇనుప తలుపు, ఇంకో కొసన తూటాల్ని మింగే ఉక్కు పలకలు. ఫ్యాన్ ఆపేశారు. సీసం వాసన, పాత మందు వాసన గాలిలో అలాగే నిలబడి ఉన్నాయి. నోలన్ మఫ్స్ పెట్టుకుని రేడియో నొక్కాడు. గరగర తప్ప ఏమీ లేదు. ఈ గోడల్ని దాటి మాట పోదు.

అతను గది కొలిచాడు. ఉక్కు పలకల వెనక, సీసం ఊడ్చడానికి పెట్టిన చిన్న తలుపుంది. తోశాడు. కదల్లేదు. అవతల మంచు పేరుకుపోయింది. భుజం పెట్టి తోశాడు. ఇనుము చల్లదనం చొక్కాలోంచి ఎముకకు తగిలింది. వెనక్కి వచ్చి గోడకు జారగిలబడ్డాడు. తన ఊపిరి తనకే పెద్దగా వినపడుతోంది.

మూల మూడు బకెట్ల నిండా ఊడ్చిన తొడుగులు. అన్నీ నైన్‌వే. జనం కాల్చి నేలమీదే వదిలేసి పోతారు. నోలన్ అలా వదలడు. ఫార్టీ తొడుగు దొరకడం కష్టం, దాంట్లోనే మళ్ళీ మందు నింపుకోవాలి. కాల్చినప్పుడల్లా మోకాళ్ళ మీద పాకి ఒక్కొక్కటే ఏరుకుంటాడు. అది చూసి ఊరంతా నవ్వుతుంది. అలాంటిది తన తొడుగు బయటివాడి చేతికి ఎలా చిక్కింది?

పోయిన వారం గుర్తొచ్చింది. తను పాకుతుంటే ఎర్రకోటు అంచు పక్కన నేలకు తగిలింది. "ఉండండి, నేనూ ఏరతాను," అని వివియన్ వంగింది. గుప్పెడు ఏరి అతని అరచేతిలో పోసింది. ఆమె గ్లవ్ లోపల ఒకటి మిగిలిందేమో అతను చూడలేదు. చూడవలసింది ఆమె వేళ్ళను. అతను చూసింది ముత్యాలను.

గొళ్ళెం చప్పుడైంది. వివియన్ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. చేతిలో ఒక ఫార్టీ పెట్టె.

"ఫార్టీ ఇంకా దొరుకుతోందా?" అంది గుసగుసగా.

"దొరుకుతోంది. కొనేవాడే దొరకడం లేదు."

"అమ్మయ్య. నేను బెట్టినా మనిషిని. డ్వైట్‌ను చంపింది పైక్. ఇదే డ్వైట్ పెట్టె, మూతమీద గోటిగీత ఉంది. ఎప్పుడూ దొంగ తూటా అడుగున సిరాచుక్క పెట్టేవాడు. ఈసారి భయంలో మర్చిపోయినట్టున్నాడు. యాభైలో ఏదో నాకు తెలీదు."

"పెట్టె మొత్తం పట్టుకుపో."

"ఎలా? ఊరి దారులన్నిటా ప్రతి బండీ సోదా చేస్తున్నారు. ఫార్టీతో హత్య జరిగిన మర్నాడు ఫార్టీ పెట్టెతో దొరికితే వదులుతారా?" ఆమె కోటు జేబులోంచి లిప్‌స్టిక్ గొట్టం తీసి మూత తిప్పింది. లోపల రంగు లేదు, ఖాళీ. "ఇందులో ఒక్కటే పడుతుంది. మీరు తుపాకుల మనిషి. తొందరగా చెప్పండి. పైక్ అనుమానపడకముందే."

ఆమె నిజంగా మన మనిషే కావచ్చు. కాకపోవచ్చు. పైక్ కూడా అదే మాట అన్నాడు కదా.

"చూస్తాను," అన్నాడు నోలన్.

మఫ్స్ చక్రం చివరిదాకా తిప్పి, ఒక్కో తూటానూ చెవి దగ్గరే మెల్లగా ఊపాడు. మందున్న తూటా ఊపితే లోపల ఇసుక జారినట్టు సవ్వడి. మొదటిది జారింది. రెండోది జారింది. పది, పదిహేను, ఇరవై. వివియన్ ఊపిరి, తలుపవతల పైక్ బూట్లు, తన గుండె, అన్నీ చెవిలో మోగుతున్నాయి. ఇరవై మూడోది ఊపాడు.

నిశ్శబ్దం.

అతని మొహంలో ఏదీ కదల్లేదు. దాన్ని పక్కన పెట్టి ఇరవై నాలుగోది అందుకోబోతూ, చలికి వేళ్ళు బిగుసుకున్నట్టు దానితో కలిపి మూడు తూటాలు జారవిడిచాడు. "ఛ," అనుకుంటూ వంగాడు. ఆమె కళ్ళు తలుపు మీదున్నాయి. రెండు ఏరాడు. సవ్వడి లేనిదాన్ని వేలితో బకెట్ల వెనక్కి దొర్లించాడు. ముప్ఫై ఒకటో తూటా ఊపి, ఆగి, మళ్ళీ ఊపాడు.

"ఇదే."

"ఖాయమేనా?"

"నా ప్రాణం మీద ఒట్టు."

ఆమె దాన్ని లిప్‌స్టిక్ గొట్టంలో దించింది. "పది నిమిషాల్లో మిమ్మల్ని బయటికి తీస్తాను," అంటూ అతని చెంప నిమిరింది. గొళ్ళెం మళ్ళీ పడింది.

నోలన్ మఫ్ ఒకటి ఇనుప తలుపుకు ఆనించి చెవి దానిలో దూర్చాడు. గాలి ఈల, ఆ వెనక ఆమె గొంతు. ఆ గొంతులో ఇప్పుడు తీపి లేదు.

"దొరికింది. వాడే వెతికిచ్చాడు, వెర్రినాగన్న."

"ముసలాడు?" పైక్ గొంతు.

"వాకిట్లో మంచు తవ్వుతున్నాడు, ఓర్టిజ్ బండికి దారి కావాలని నేనే పంపాను. నేను పశువుల దారిన పోయి గుట్టల అవతల మనవాళ్ళ విమానం అందుకుంటాను. మూడున్నరకు ఎగురుతుంది. నువ్వు వీడి పని చూడు."

"పారిపోబోయాడని చెబుతా. చచ్చినవాడు ఎలాగూ ఒప్పుకున్నట్టే."

బయట కారు స్టార్టయింది. నోలన్ తలుపు నుంచి వెనక్కి తగ్గాడు. తుపాకీ లేదు, దారి లేదు, రేడియో లేదు. ఉన్నవి కాంక్రీటు, సీసం, మూడు బకెట్ల ఖాళీ ఇత్తడి.

బకెట్లు.

మొదటిది ఎత్తి తలుపు ముందు గుమ్మరించాడు. రెండోది, మూడోది. వేల తొడుగులు గలగలమంటూ నున్నటి నేలమీద పరుచుకున్నాయి. బకెట్ల వెనక దాచిన తూటాను జేబులో వేసుకుని, షూటర్లు నిలబడే చెక్క అడ్డు వెనక నక్కాడు. చెక్క తూటాను ఆపదని అతనికి తెలుసు. దాని వెనక నక్కడం తప్ప చేసేదేమీ లేదనీ తెలుసు.

తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. పైక్ కొట్టు వెలుతురులోంచి మసక గదిలోకి గబగబా రెండడుగులు వేశాడు. రెండో అడుగు ఇత్తడి మీద పడింది. కాలు ముందుకీ ఒళ్ళు వెనక్కీ పోయి దభీమని వెల్లకిలా పడ్డాడు. కార్బైన్ పేలి కప్పులో పెచ్చు రాలింది.

నోలన్ అడ్డు దాటి దూకాడు. అయితే తను పరిచిన తొడుగులకు తన కాళ్ళు వేరు కాదు. అతనూ జారి మోకాళ్ళ మీద పడ్డాడు. తల ఎత్తేసరికి పైక్ మోచేతి మీద లేచి కూర్చుని ఉన్నాడు. కార్బైన్ గొట్టం నోలన్ నుదుటికి రెండు గజాల దూరంలో ఉంది.

"ఏరుకుంటున్నావా గురూ?" అన్నాడు పైక్ రొప్పుతూ. వాడి వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

మోత గదిని నింపేసింది. నోలన్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి పైక్ భుజం పట్టుకుని పక్కకు ఒరిగిపోతున్నాడు. కార్బైన్ చేయి జారి ఇత్తడి మీద దొర్లింది. గుమ్మంలో ఎల్మర్ నిలబడి ఉన్నాడు. టోపీ నిండా మంచు, చేతుల్లో నోలన్ ఫార్టీ.

"దీని తన్ను ఇంత గట్టిదని మర్చేపోయాను," అన్నాడు, భుజం రుద్దుకుంటూ.

నోలన్ పైక్ తుపాకీని దూరంగా తన్ని, అప్పుడు ఊపిరి వదిలాడు. "మీకెలా తెలిసింది పెద్దాయనా?"

"మంచు తవ్వుతుంటే బుర్ర పనిచేసిందిలే. రెండు నెలల్నుంచి చూస్తున్నాను, ఒక్క తొడుగు కనపడకపోతే అన్నం మానేసి గంటసేపు నేలమీద దేకుతావు. అలాంటివాడివి శవం పక్కన ఒకటి వదిలేసి పోతావా? వేరేవాళ్ళు చెబితే నమ్ముతానేమో. నేను నా కళ్ళతో చూసినవాణ్ణి." ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "గొళ్ళెం వేసింది నేనే. ఏమనుకోకు అబ్బాయ్."

నోలన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు.

మంచు తోసే బండి మూడు దాటిన పది నిమిషాలకు వచ్చింది. దాని వెనకే ఓర్టిజ్ జీపు. పశువుల దారిలో అర మైలు దూరాన, మంచు దిబ్బలో ముక్కు దూర్చిన కారూ, దాని పక్కన చలికి పళ్ళు టకటకలాడిస్తున్న ఎర్రకోటూ దొరికాయి. లిప్‌స్టిక్ గొట్టంలో మందుతో సహా మామూలు ఫార్టీ తూటా ఉంది. వివియన్ దానివంక చాలాసేపు చూసిందట. గుట్టల అవతల విమానం మూడున్నర దాకా ఎదురుచూసి, పైలట్‌తో సహా పట్టుబడింది.

నాలుగింటికి బెట్టినా వచ్చింది. మెమరీ కార్డును చిన్న డబ్బాలో పెట్టి మూత నొక్కింది. డ్వైట్ పికప్ సీట్లోంచి తీసిన గుండు పైక్ కాల్చే నైన్‌ది అని ల్యాబ్ చెప్పిందంది. ఎల్మర్ ఇచ్చిన కాఫీ సగంలోనే కింద పెట్టేసింది. ఆమె ఏదైనా సగంలో ఆపడం నోలన్ ఎప్పుడూ చూడలేదు.

"వివియన్ నిజంగానే మన మనిషి నోలన్," అంది. "మూడేళ్ళుగా. ఆమె ఇచ్చిన కబుర్లతో ముగ్గుర్ని పట్టుకున్నాం కూడా. ఇప్పుడు తేల్చి చూస్తే వారంలో మనకు మూడు రోజులు, వాళ్ళకు నాలుగు రోజులు పనిచేసినట్టుంది."

నోలన్ కాఫీ గుక్క మింగాడు.

"పాపం," అన్నాడు. "ఆదివారం కూడా సెలవు లేదన్నమాట."